రాజుగారి పెరటి దారి

ఆ ఏడాది నుంచి మా ఊరి ప్లాను మనుషులు గీయడం మానేశారు. ఆకాశంలోంచి చూసే యంత్రమే, తొంభై రోజులు జనం ఎక్కడ నడిస్తే అక్కడ రోడ్డని రాసేస్తుంది.

నోటీసు బోర్డుకి అంటించిన ఆ కబురు వినగానే కాసులమ్మకి, రిటైరైన ప్లానింగ్ ఆఫీసరు విస్సంరాజు పెరడు గుర్తొచ్చింది. పదేళ్ల కిందట ఆమె పెసరట్ల హోటలు మీదుగా ఎర్ర పెన్సిలుతో రోడ్డు గీసి, దాన్ని కూల్పించింది ఆయనే. ఏడుస్తూ వెళ్తే, "నోటీసు బోర్డుకి అంటించాం కదా, చూసుకోలేదా?" అన్నాడు.

మర్నాటి నుంచి పేటలోని ఆడవాళ్లందర్నీ వెంటేసుకుని, ఆ పెరట్లోంచే మార్కెట్టుకి నడిచింది. ప్రతి అడుగూ కసిగా వేసింది. రాజుగారు కనబడితే మాత్రం వంగి దండం పెట్టేది. దండాలకి మొహం వాచిన ఆయన మురిసిపోయి గేటు బార్లా తెరిచి ఉంచాడు. నోటీసులు అంటించడమే తప్ప చదివే అలవాటు ఆయనకి ఏనాడూ లేదు.

తొంభై ఒకటో రోజు ఆయన వంటింటి గోడ మీద "రోడ్డు" అని ఎర్రటి అక్షరాలు వెలిగాయి. కాసులమ్మ అట్ల బండి దగ్గరికి పరుగున వచ్చాడు.

"కాసులమ్మా, మేం అటు నడవలేదని ఒక్క మాట చెప్పు. వంటిల్లు కూల్చేస్తారట!"

కాసులమ్మ పెనం మీద అట్టు తిరగేసింది.

"అయ్యో, నోటీసు బోర్డుకి అంటించారు కదండీ రాజుగారూ, చూసుకోలేదా?"