నడిమి గోడ వెంటిలేటర్

“ఇటుక పెట్టినవంటె నిచ్చెన గుంజుత!” కిందినుంచి మేస్త్రి మీద అరిచింది సమ్మవ్వ.

సుల్తానాబాద్‌లో ఆమె భర్త, అతని తమ్ముడు పంచుకున్న ఇల్లు నడిమి గోడతో రెండయింది. ఇటు సమ్మవ్వ, కొడుకు రాకేశ్. అటు ఆమె యారాలు, అంటే తోడికోడలు బాలలక్ష్మి, కొడుకు కరుణాకర్. కొడుకులకు మాటల్లేవు. తల్లులూ పలకరించుకోవద్దని ఇద్దరూ గట్టిగా చెప్పారు. వాళ్లూ అంతే, వాకిట్లో ఎదురైతే ముఖాలు తిప్పుకుంటారు. ఇక మిగిలింది ఆ గోడలో జానెడు వెంటిలేటర్. అటు మాట ఇటు, ఇటు వాసన అటు రావద్దని దాన్నీ మూయించడానికి మాత్రం కొడుకులిద్దరూ ఒక్కటయ్యారు.

“ఏసీ పెట్టిస్తనే అవ్వా!” అన్నాడు రాకేశ్.

“కరోనల దవాఖాన్ల వెంటిలేటర్ పెట్టి బతికిస్తిరి. గిప్పుడు గీ వెంటిలేటర్ మూసి సంపుతరా?”

“గది వేరు, గిది వేరే!”

“నా పానానికి రెండూ ఒక్కటే బిడ్డా.”

లొల్లి విని రాజయ్య వచ్చాడు. బొగ్గుబాయిలో చేసి రిటైరైన మనిషి, రెండిళ్లకూ పెద్ద.

“బాయిల వెంటిలేషన్ ఆగితె పనే బందు. మనుషులను మీదికి తోలుతరు,” అన్నాడు. “అయినా గోడ ఇద్దరిది. నువ్వేమంటవ్ బాలలక్ష్మీ?”

బాలలక్ష్మి కొంగు నడుముకు చెక్కింది.

“మూసెయ్యుండ్రి! ఆమె ఇడిసిన గాలి నా ఇంట్లకెందుకు? ఊపిరాడకుంటె సావనియ్యి, నాకేంది!”

లొల్లికి వాకిట్లో మూగిన వాడకట్టు ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. సమ్మవ్వ నోట్లో కొంగు కుక్కుకుని గోడవైపు తిరిగింది. ఆమె భుజాలు అదిరాయి.

రాజయ్యకు కోపం నషాళానికి ఎక్కింది. “సావు నోట్లకెళ్లి బయటపడ్డ మనిషిని గట్లంటవా? ఏం కరుణాకర్, నీ మాట గూడ గదేనా?”

కరుణాకర్ సిగ్గుతో తల దించుకున్నాడు. “కాదు మామా. ఉండనియ్యుండ్రి. పెద్దవ్వ ఉసురు నాకెందుకు?”

“మల్ల ఎన్నడన్న మూస్తవా?”

“మూయ.”

“నువ్వేమంటవ్ రా రాకేశ్?”

“నేను గూడ మూయ, మామా.”

మేస్త్రి ఇటుకలు గంపకెత్తుకుని దిగిపోయాడు. వాడకట్టు ఆడవాళ్లంతా సమ్మవ్వ చుట్టూ మూగి, పట్టిన పట్టు విడవలేదని మెచ్చుకున్నారు. బాలలక్ష్మి తలుపు ధడాలున వేసుకుంది.

పొద్దూకింది. కొడుకులు బజారుకు పోయారు. సమ్మవ్వ గొళ్లెం పెట్టి, స్టూలెక్కి, వెంటిలేటర్ దగ్గర ముఖం పెట్టి హాయిగా గాలి పీల్చుకుంది.

“జర ఎక్కువ తిట్టిన్నా, అక్కా?” అవతలినుంచి అడిగింది బాలలక్ష్మి.