డ్రై ఫోర్క్ ఆల్బమ్

"ఒక్క నిమిషం! అందరూ షెడ్డు వెనక్కి!"

ఆమోసు కేకకి ప్లాట్‌ఫారం మీద రైలు కోసం నిలబడ్డ పాతికమందీ నవ్వుతూ జరిగారు. వాళ్లకిది అలవాటే. వయోమింగ్‌లోని ఆ డ్రై ఫోర్క్ స్టేషన్లో సిగ్నళ్లు బాగుచేసే ఆమోసుకు ఫోటోల పిచ్చి. రైలు తొలిసారి వచ్చిన నాటి ఖాళీ సీమ అతని కెమెరాలో కనబడాలి.

"నేను కూడానా?" అంది భార్య దేవకుమారి, స్వెట్టర్ మీద కొంగు కప్పుకుంటూ.

"వందేళ్ల కిందట ఇక్కడ వెంకటగిరి చీర ఎక్కడిది? జరుగు, రైలొచ్చేస్తుంది."

"మీ కంటికి నాకంటే ఆ నీళ్ల టవరే అందగత్తె!"

కెమెరా క్లిక్‌మంది. రైల్వేవాడి అలవాటు కదా, ఆల్బమ్‌లో ఫోటో కింద వెయ్యడానికి తేదీ, గంట, నిమిషం పుస్తకంలో రాసుకున్నాడు.

నర్సు ఉద్యోగానికొచ్చిన భార్య వెంట, బెజవాడ రైల్వే వదిలి వచ్చాడతను. ఇప్పుడామెకే కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు ఆ రైలెక్కి డయాలిసిస్‌కి పోవాలి.

1983 చలికాలంలో రైలు కంపెనీ నోటీసు అంటించింది. ఎక్కేవాళ్లు లేరు కనుక డ్రై ఫోర్క్‌లో ఇక రైలు ఆగదు.

"ఆ మంచులో నూటయాభై మైళ్లు కారులో... ఎన్నాళ్లు తట్టుకుంటానండీ?"

"మన మాట వినడానికి ప్రభుత్వం హియరింగ్ పెడుతోందిగా. ఊరుకో."

హియరింగ్‌కి ఊరంతా వచ్చింది. రోజూ ఎక్కుతున్నామని ఒక్కొక్కరే లేచి చెప్పారు.

"టిక్కెట్లు రైల్లోనే ఇస్తారు. ఎక్కడెక్కారో లెక్క లేదు," అన్నాడు హియరింగ్ జరిపే అధికారి. "మాటలు కాదు, రుజువేదైనా ఉందా?"



ఆమోసు లేచాడు. ఒళ్లోని ఆల్బమ్ తీసుకెళ్లి బల్లమీద పెట్టాడు. "అయిదేళ్లుగా తీస్తున్నానండి. మా స్టేషన్ని ఒక్కసారి చూడండి, చాలు."

అధికారి నెమ్మదిగా పేజీలు తిప్పాడు. మంచులో మెరిసే పట్టాలు. సాయంత్రపు ఎండలో నీళ్ల టవరు. "అద్భుతం," అన్నాడు.

తిరిగొచ్చి కూర్చున్న భర్త చెయ్యి దేవకుమారి గట్టిగా పట్టుకుంది. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు.

కంపెనీ లాయరు ఆల్బమ్ అడిగి తీసుకున్నాడు. మొదటినుంచి చివరిదాకా ఓపిగ్గా చూశాడు. ఆమోసుకు మర్యాదగా థ్యాంక్స్ చెప్పాడు.

"సరిగ్గా రైలొచ్చే ముందు, తేదీ టైముతో సహా తీసిన రెండువందల ఫోటోలు," అన్నాడు ఆల్బమ్ మూస్తూ, "ఒక్కదాంట్లోనూ ఒక్క ప్రయాణికుడు లేడు."