లోపలికి దారి

ఇంటి ఫోను మోగి మోగి, ఇక ఆగిపోతుందనగా ఎవరో ఎత్తారు.

"ఏమిటయ్యా ఈ మోత? వీధంతా వినపడుతోంది," అంది ఓ పెద్దాయన గొంతు, బాగా తగ్గించి.

ఆఫీసులో తన బల్ల ముందు నిలబడ్డ ఇంజనీరుకు ప్రాణం లేచొచ్చింది. "పెదమావయ్యగారేనా? నేనండీ, మీ అమ్మాయి మొగుణ్ని."

అవతల గొంతు ఒక్క క్షణం తటపటాయించింది. "ఆఁ... అల్లుడూ. చెప్పు."

భార్య పెదనాన్నను ఇంజనీరు ఇంతవరకూ చూసింది లేదు. పెళ్లికి ఆయన రాలేకపోయాడు. ఈ ఉదయం రైలుకి వస్తున్నాడనీ, తనే స్టేషనుకు వెళ్లి తీసుకొస్తాననీ భార్య చెబితే, సరేనని ఆఫీసుకొచ్చేశాడు.

"పడుకున్న మనిషిని లేపినట్టున్నాను. తనేదండీ? ఎన్నిసార్లు చేసినా ఫోను తియ్యడం లేదు."

"బయటికెళ్లిందిగా. ఎప్పుడొస్తానందేమిటి నీతో?"

"నాతో ఏమీ అనలేదండీ. కూరగాయలకేమో. నేనో చిక్కులో పడ్డాను. వంతెన నమూనా ఇంట్లో కంప్యూటర్లో ఉండిపోయింది. ఇక్కడ కూర్చునే దాంట్లోకి వెళ్లి పని చేసుకోవడం నాకు అలవాటే. ఇవాళ మాత్రం కలవనంటోంది. కమిటీవాళ్లు పక్కగదిలో కాఫీ తాగుతున్నారు. కప్పులు కింద పెట్టేలోగా చూపించకపోతే ఏడాది కష్టం మట్టిగొట్టుకుపోతుంది. పక్క సీటువాడు తన నమూనా చంకలో పెట్టుకుని తయారుగా ఉన్నాడు."

"నాకీ కంప్యూటర్ల గొడవ తెలియదయ్యా. నా దారిన నన్నొదిలెయ్."

"పోనీ పక్కింటి టీచరమ్మ దగ్గర ఇంకో తాళంచెవి ఉంది. ఆవిణ్ని పంపనా?"

"వద్దు వద్దు," అన్నాడు పెద్దాయన వెంటనే. "ఇంట్లో మనిషుండగా బయటివాళ్లెందుకు? ఏ గది?"

"మెట్ల పక్క గది. ఫోను చేత్తో పట్టుకునే వెళ్లొచ్చు, దానికి తీగ లేదు. అయ్యో, మర్చేపోయాను. ఆ గదికి తాళం ఉంటుంది. పిల్లలు ఆటలకి ఎగబడుతున్నారని మీ అమ్మాయే వేస్తుంది. చెవేమో తన సంచిలో..."

ఫోనులో టిక్కుమని చిన్న చప్పుడు.

"తెరుచుకుంది."

"ఎలాగండీ?"

"తిప్పితే తెరుచుకుంది. నాసిరకం తాళం, అల్లుడూ. మార్పించు."

పెదనాన్న వాచీలు బాగుచేసేవాడని భార్య అన్న మాట ఇంజనీరుకు గుర్తొచ్చింది. "చెయ్యి తిరిగినవాళ్లు కదండీ," అన్నాడు మెచ్చుకోలుగా. "ఇప్పుడు కంప్యూటరు మీద ఏదో ఒక మీట నొక్కండి."

"వెలిగింది. పాస్‌వర్డ్ అడుగుతోంది."

"మీ అమ్మాయి పుట్టినరోజే. మీకు తెలుసుగా."



"నాకు తెలుసులే. నీకు గుర్తుందో లేదో చూద్దాం. చెప్పు."

ఇంజనీరు నవ్వుకుంటూ అంకెలన్నీ ఒప్పజెప్పాడు.

"పాసయ్యావు," అన్నాడు పెద్దాయన.

ఇంజనీరు మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ అదే మాట: కలవడం లేదు. పక్కగదిలో ఎవరో కుర్చీ వెనక్కి జరిపారు.

"కుడివైపు మూల వై-ఫై గుర్తుంది చూడండి. దాని మీద నొక్కి, వచ్చిన పేజీని కిందికంటా జరపండి. మధ్యలో చుక్కలు పెట్టి ఓ అంకెల వరస ఉంటుంది. చివర ఎంతుంది?"

"పద్నాలుగు."

"పదకొండు కాదా?"

"నా కళ్లు బాగానే ఉన్నాయయ్యా. పద్నాలుగు."

"దొరికిందండీ. ఇంట్లో ప్రతి ఫోనుకీ, కంప్యూటరుకీ రూటరు ఓ నంబరిస్తుంది. రాత్రి కరెంటు పోయొచ్చాక ఆ పంపకం మారిపోయింది. పదకొండు ఇప్పుడు మా టీవీకి వెళ్లినట్టుంది. పొద్దున్నుంచీ టీవీని పట్టుకుని కంప్యూటరనుకుని బతిమాలుతున్నాను నేను."

"ఎవరితో మాట్లాడుతున్నామో చూసుకోవాలి మరి," అన్నాడు పెద్దాయన.

రూటరుని ఇంజనీరు ఆఫీసు నుంచే తెరవగలడు. పదకొండుకి పొమ్మని ఉన్నచోట పద్నాలుగుకి పొమ్మని మార్చాడు.

"ఇదిగో, తెర దానంతటదే మూసుకుపోయింది. నేనేం ముట్టుకోలేదు."

"అది నేనేనండీ. లోపలికొచ్చేశాను," అన్నాడు ఇంజనీరు. ఎదురుగా ఇంట్లోని కంప్యూటరు తెర, దాని మీద వంతెన. అప్పుడు గానీ కుర్చీలో కూర్చోలేదతను. "ఇక దాన్ని కదపకండి. వాళ్లు ప్రశ్నలు వేస్తే సాయంత్రం దాకా మళ్లీ మళ్లీ చూడాల్సొస్తుంది."

"అస్సలు కదపకూడదా?"

"అస్సలు."

పెద్దాయన బరువుగా నిట్టూర్చాడు. "సరే. కష్టపడి చేసుకున్నావు. నీకోసం వదిలేస్తున్నాను."

"మీ మేలు మర్చిపోలేనండీ. సాయంత్రం తొందరగా వచ్చేస్తాను, తీరిగ్గా కబుర్లు చెప్పుకుందాం."

"తొందరేముంది? నెమ్మదిగా రా."

కమిటీ వంతెనని అటు తిప్పించింది, ఇటు తిప్పించింది, స్తంభాల గురించి గుచ్చి గుచ్చి అడిగింది. చివరికి పెద్దతలకాయ లేచి ఇంజనీరుతో చెయ్యి కలిపాడు. పక్క సీటువాడు తన కాగితాల చుట్ట విప్పకుండానే ఇంటిదారి పట్టాడు.

గది బయటికి రాగానే భార్య ఫోను.

"అన్నిసార్లు చేశావేమిటి? ఈ గోలలో వినపడలేదు నాకు."

"పని మనకే వచ్చింది. అంతా మీ పెదనాన్న చలవే. నువ్వు ఆయన్ని ముక్కోపి అంటావు గానీ, అంత ఓపికున్న మనిషిని మీవాళ్లలో నేనింతవరకూ చూడలేదు. విసుక్కోకుండా ఫోనులో నేను చెప్పినవన్నీ చేసిపెట్టాడు."

"ఎవరూ, మా పెదనాన్నా?" అంది ఆమె.

"ఆయన రైలు ఇంకా రానేలేదు."