టాల్బట్ కుంటు నడక

"పాత టీవీ కథలో షెరీఫ్ టాల్బట్ రెండో ఏడాది నుంచి కుంటుతాడు. ఎందుకు? చెప్పినవాళ్లకి మన రేడియో టోపీ."

వెండెల్ క్రౌజ్ ప్రశ్న వేసి గుడారంలో కూర్చున్నవాళ్ల వైపు చూశాడు.

కౌంటీ సంత మంచి ఊపు మీద ఉంది. అటు పందుల పోటీ, ఇటు మొక్కజొన్న పొత్తుల వాసన. ఆయన గుడారంలో మాత్రం సగం కుర్చీలు ఖాళీ.

నెబ్రాస్కాలోని ఆ ఊళ్లో వెండెల్ రోజూ పొద్దున గంటసేపు రేడియోలో మాట్లాడతాడు. వాషింగ్టన్ వాళ్ల దుబారా, సినిమావాళ్ల కొత్త పోకడలు, చేజారిపోతున్న పాత మర్యాదలు, ఇవీ ఆయన సరుకు. మనిషి మంచివాడే. మైకు చేతికొస్తే మాత్రం ఎదుటివాడి మాట సగంలో తెగాల్సిందే.

ఈమధ్య వినేవాళ్లు తగ్గారు. సంతలో చేసే ఈ ప్రసారానికి ఫోన్లు రాకపోతే, సోమవారం నుంచి ఆ గంట ఫుట్‌బాల్ కబుర్లకి ఇచ్చేస్తానని యజమాని డ్వైట్ మొహం మీదే చెప్పాడు. వెండెల్ పక్కన కూర్చున్న ఆయన కూతురు జానెల్ ముందు ఫోను ఉంది, అది పొద్దుటి నుంచీ మోగలేదు.

వెనక వరసలోంచి ఒక ముసలావిడ చెయ్యెత్తింది. పాత జీన్సు, మట్టి బూట్లు, చేతిలో నిమ్మరసం గ్లాసు.

"కాలు విరిగింది కనక," అంది.

"తప్పు," అన్నాడు వెండెల్ హుషారుగా. "సారాకొట్టులో దొంగ తుపాకీతో కాల్చాడు. నాకు ప్రతి సన్నివేశం కంఠతా వచ్చు పెద్దమ్మా."

"అది కథలో నాయనా. నేను చెప్పేది..."

"కథ కాక ఇంకేముంది?"

జనం నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది.

ఇక వెండెల్‌కి పూనకం వచ్చింది. ఆ పాత టీవీ కథని ఇప్పుడు సినిమాగా తీశారు, అందులో టాల్బట్ ఆడమనిషి. అదీ ఆయన కడుపుమంట. చిన్నప్పుడు టాల్బట్‌లా కుంటుతూ నడిచి, బాగున్న కాలు పాడుచేసుకుంటావురా అని తల్లి చేత చీవాట్లు తిన్నవాడాయె.

"పరిగెత్తే గుర్రం మీంచి పరిగెత్తే రైలు మీదికి దూకాడు టాల్బట్," అన్నాడు. "అలాంటి దూకుడు ఒక్క ఆడమనిషైనా దూకగలదా? మీరు చెప్పండి పెద్దమ్మా."

ఆవిడ నిమ్మరసం ఒక గుక్క తాగింది.

"దూకొచ్చు. గుర్రం మంచిదైతే."

ఈసారి జనం చప్పట్లు కొట్టారు. జానెల్ ముందున్న ఫోను మోగింది. అది పెట్టేలోపు ఇంకొకటి.

వెండెల్ వదల్లేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. అయితే ఆ కొత్త సినిమా మీకు నచ్చిందా అని నిలదీశాడు.

"ఛీ," అంది ఆవిడ. "పిల్ల బాగానే చేసింది పాపం. ఆ గుర్రమే, కంప్యూటర్లో పుట్టింది. చెమట పట్టదు, రొప్పదు. నువ్వు తిట్టాల్సింది దాన్ని. ఆడపిల్లని తిడుతూ కూచున్నావు."

వెండెల్‌కి ఆవిడ మాట నిజమేనని లోపల అనిపించింది, కానీ మైకు ముందు ఒప్పుకోవడం అలవాటు లేదు.

"మీకు టోపీ రాదు పెద్దమ్మా," అన్నాడు. "జవాబు తప్పు."

"ఉంచుకో నాయనా. నేనలాంటి టోపీలు చాలా పెట్టాను."

ఆవిడ గ్లాసు అక్కడే పెట్టి, ఎడమకాలు కాస్త ఈడుస్తూ, జనంలో కలిసిపోయింది.

ఆ తర్వాత ఫోను ఊపిరి తీసుకోలేదు. సగం మంది వెండెల్ పక్షం, సగం మంది ముసలావిడ పక్షం, గుర్రం విషయంలో అందరూ ఒకే పక్షం. గంట ముగిసేసరికి డ్వైట్ స్వయంగా ఫోను చేసి, ఫుట్‌బాల్ సంగతి మర్చిపొమ్మన్నాడు.

జానెల్ తండ్రిని కావలించుకుంది.

"నిన్ను నిలబెట్టింది ఆవిడే నాన్నా. వెళ్లి టోపీ ఇచ్చిరా."

వెండెల్‌కి సిగ్గేసింది. టోపీ పట్టుకుని సంతంతా తిరిగాడు. చివరికి గుర్రాల కొట్టం దగ్గర ఎవరో చెప్పారు, ఆవిడ గుర్రాన్ని బండెక్కించుకుని ఇప్పుడే వయోమింగ్ దారి పట్టిందని. రోడ్డు మీద ఇంకా దుమ్ము లేస్తోంది.

కొట్టం చూసే ఆర్లో వెండెల్‌తో కలిసి చదువుకున్నవాడే. గడ్డిమోపు మీద కూర్చుని, పక్కనున్న రేడియో కట్టేసి, పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

"ఎవర్రా ఆవిడ?" అన్నాడు వెండెల్.

"మావిస్. ఆ టీవీ కథ తీసే రోజుల్లో అందులో గుర్రపు స్వారీ చేసేది. మీ టాల్బట్ వేషగాడికి గుర్రమంటే వణుకు. ఆయన కోటూ టోపీ తొడుక్కుని రైలు మీదికి దూకింది ఈవిడే. అందులోనే కాలు విరిగింది, అయినా కుంటుతూనే ఆయన వేషంలో పనిచేసింది."

వెండెల్ చేతిలో టోపీ అలాగే ఉండిపోయింది.

"మరి ఆయనెందుకు కుంటాడు?"

"దూరం నుంచి చూస్తే ఇద్దరూ ఒకేలా కనపడాలి కదా, అందుకని కథలో తుపాకీ దెబ్బ పెట్టి ఆయన్నీ కుంటమన్నారు," అన్నాడు ఆర్లో కళ్లు తుడుచుకుంటూ. "చిన్నప్పుడు ఊరంతా నువ్వు కుంటిన నడక ఆయనది కాదురా వెండెల్, ఆవిడది."