ముందు వరుస

"ముందు ఆ పాత పేరు గీకెయ్యి. ఆనవాలు కూడా మిగలకూడదు," అన్నాడు సెనేటరు అగ్రెస్టియస్, కొలోసియం ముందు వరుసలోని రాతి అరుగును చేతికర్రతో తట్టి.

రాతిపనివాడు ఉర్సస్ వంగి అక్షరాలు చదివాడు. "ఇది మీ మేనమామగారి పేరు కదయ్యా?"

"పోయాడుగా. పోయినవాడికి ముందు వరుస దేనికి?"

ఉర్సస్ ఉలి అందుకున్నాడు. రాతిమీద ఎవరి పేరుంటే వారిదే చోటు, రోములో అది తరాలనాటి రివాజు. ఈ చోటు కోసం అగ్రెస్టియస్ నగరాధికారి గుమ్మంలో ఏడు నెలలు పడిగాపులు కాశాడు. ఇంటి పైకప్పు సగం కూలినా పట్టించుకోలేదు. భార్య ప్రోబా నెత్తీనోరూ బాదుకున్నా వినలేదు. పొలాలు పోయాయి, నౌకర్లు పోయారు. ఈ మూడడుగుల రాయి కూడా చేజారితే తాను సెనేటరునని ఊళ్లో ఎవడు నమ్ముతాడని అతని భయం. నిజంగానే నిద్ర పట్టేది కాదు, పాపం.

కొత్త పేరు సగం పడిందో లేదో, ఇంకో సెనేటరు విక్టోరినస్ రొప్పుతూ మెట్లు దిగి వచ్చాడు.

"ఆపవోయ్. ఈ చోటు మా తాతది."

"మీ తాతది రెండో వరుస. వెనక్కెళ్లి చదువుకో. చదువొచ్చుగా?"

"మీ మేనమామ పోయి నాలుగు నెలలు. నువ్వు అధికారి గుమ్మం పట్టుకుని ఏడు నెలలు. ఇదెక్కడి చోద్యం?"

"ఆయనకి దగ్గు పట్టుకుందిగా. మనిషికి ముందుచూపు ఉండాలి."

ఉర్సస్ తలెత్తలేదు. "ఎవరి పేరో తేల్చండయ్యా. నాకు ఎవరైనా ఒకటే."

అగ్రెస్టియస్ ముద్ర వేసిన ఉత్తర్వు తీసి విక్టోరినస్ ముక్కు కింద ఆడించాడు. విక్టోరినస్ మొహం మాడిపోయింది. గొణుక్కుంటూ వెళ్లి రెండో వరుసలో తాత పేరు వెతుక్కున్నాడు.

మర్నాడు పొద్దున్నే అగ్రెస్టియస్ ఉన్నవాటిలో చిరుగులేని టోగా చుట్టుకున్నాడు. "రాయి చల్లగా ఉంటుంది, ఇది వేసుకు కూర్చోండి," అని ప్రోబా ఒక దిండు చేతిలో పెట్టింది. అతను వచ్చి తన పేరు మీద దిండు వేసి, నడుం నిటారుగా పెట్టి, బరి వైపు చూస్తూ కూర్చున్నాడు. జన్మ ధన్యమైందనుకున్నాడు.

వెనక నుంచి విక్టోరినస్ గొంతు వినిపించింది. "నీ తల అడ్డమొస్తోంది. కాస్త పక్కకి జరుగు."

"ముందు వరుసవాళ్లు జరగరు."

విక్టోరినస్ మెడ సాచాడు. అటూ ఇటూ ఒరిగాడు. చివరికి కడుపుమంటతో లేచి నిలబడే చూశాడు.

ఆ బరిలో ఆట జరిగి అప్పటికి పదిహేనేళ్లయింది.