ఎన్‌కార్నా వంతు

"ఆఖరు ఎవరు?"

వేపుడు చేపల కొట్లో అడుగు పెడుతూనే అడిగింది కాందేలా.

స్పెయిన్ సముద్రతీరాన ఉన్న ఈ కాదిస్‌లో ఎవరూ బారులు తీరి నిలబడరు. గోడకి ఆనుకునేవాళ్ళు ఆనుకుంటారు, కబుర్లాడేవాళ్ళు కబుర్లాడతారు. తన ముందు ఎవరో గుర్తుంటే చాలు. కొండల్లో ఉన్న కాందేలా ఊరు సోరియాలోనూ ఇదే పద్ధతి.

"నేనే తల్లీ," అంది నల్ల శాలువా కప్పుకున్న ముసలావిడ. "నా వెనక నువ్వు."

ఆవిడ కళ్ళు కాందేలా భుజం మీది తువ్వాలు మీద పడ్డాయి.

"సముద్రానికా?"

"అవునండీ. ఇప్పుడే రైలు దిగాను. సముద్రాన్ని చూడటం ఇదే మొదలు. ఒక పొట్లం కట్టించుకుని, హాయిగా ఈదొచ్చి తింటాను."

"ఈత వచ్చా?"

"మా ఏట్లో నన్ను చేపపిల్ల అంటారు."

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే. రేపు పొద్దున్నే మళ్ళీ రైలు. ఎల్లుండి కాలేజీ."

ముసలావిడ గుమ్మంలోంచి బయటికి చూసింది. తూర్పుగాలి ఊరి మీదుగా సముద్రంలోకి వీస్తోంది. ఒడ్డున అల అన్నది లేదు. నీళ్ళు చెరువులా కదలకుండా ఉన్నాయి.

"నా వంతు కాస్త చూస్తూండు తల్లీ, ఇప్పుడే వస్తా."

కాందేలా ఊఁ అనేలోపే ఆవిడ గుమ్మం దాటేసింది.

ఇప్పుడే వస్తానన్న మనిషి ఎంతకీ రాలేదు.

"ఆ నల్ల శాలువా ఎన్‌కార్నా వంతు ఎవరి దగ్గరుంది?" కొట్టు యజమాని చానో గరిటె ఆడిస్తూ కేకేశాడు.

"నా దగ్గరే. ఆవిడ ఇంకా రాలేదు. పోనీ నా పొట్లం కట్టెయ్యండి, వెళ్తాను."

"ఆవిడ ముందు, నువ్వు వెనక. ఆవిడ రాకుండా నీకెలా ఇస్తాను? వదిలేసి పోతానంటే పో. ఏ ఊరో గానీ, మీవైపు మాట మీద నిలబడరు కాబోలు!"

కొట్లో అందరూ గొల్లున నవ్వారు. కాందేలాకి రోషం వచ్చింది. కదలకుండా నిలబడింది.

వెనకవాళ్ళు ఒక్కొక్కరే "నేను కానివ్వనా అమ్మాయ్?" అంటూ ముందుకొచ్చి పొట్లాలు పట్టుకుపోతున్నారు. కిటికీలోంచి సముద్రం ఊరిస్తోంది. ఎవరిదో పసుపు పచ్చ రబ్బరు చక్రం నీళ్ళ మీద చక్కగా తేలిపోతోంది. ఎవరో ఒకాయన దాని కోసం నడుం లోతు దాకా దిగి, ఎందుకో వెనక్కి వచ్చేశాడు.

ఈ ఒక్క రోజు కోసం ఇంట్లో ఎంత బతిమాలుకుంది! ఎండాకాలమంతా డబ్బాలు మోసి కూడబెట్టుకుంది. ఆ రోజు కాస్తా కళ్ళముందే కరిగిపోతోంది. కాందేలాకి ఏడుపొచ్చినంత పనయింది.

సూర్యుడు నీళ్ళని తాకాడు. ఇక ఉండబట్టలేక బయటికొచ్చింది.

ఎదురుగా గట్టు గోడ మీద ఎన్‌కార్నా కూర్చుని ఉంది. ఊరికే, సముద్రం వైపు చూస్తూ.

"ఇంతసేపూ ఇక్కడే కూర్చున్నారా?"

"కూర్చున్నానమ్మా. చీకటి పడుతోంది, ఇంక నీళ్ళలోకి దిగకు."

"నా రోజంతా మింగేశారు! మీ కన్నకూతుర్నయితే ఇలాగే నిలబెట్టేవారా?"

ఎన్‌కార్నా మెల్లిగా లేచింది. శాలువా సర్దుకుంది.

"లేదమ్మా," అంది. "నిలబెట్టలేదు."

అంతే. సందులోకి తిరిగి వెళ్ళిపోయింది.

కాందేలా విసవిసా కొట్లోకి వచ్చింది. చానో ఆమెకి పొట్లం కట్టి ఇచ్చాడు.

"మరి ఆవిడ పొట్లం?"

"ఎన్‌కార్నా చేప ముట్టి ఎన్నేళ్ళయిందో! తూర్పుగాలి లేచిన రోజు వస్తుంది. తువ్వాలు వేసుకుని ఒంటరిగా ఎవరైనా కనబడితే వంతు అప్పజెప్పి పోతుంది."

"పిచ్చా?"

"ఇందాకటి పసుపు చక్రం ఏదీ, చూడు."

కాందేలా కిటికీలోంచి చూసింది. ఎంత వెతికినా కనబడలేదు.

"ఈ గాలికి ఒడ్డున అల లేవదు. అక్కడే ఉంది మోసమంతా. కాస్త లోపలికి వెళ్తే చాలు, గాలి నెట్టుకుపోతుంది, ఇంక ఎంత ఈదినా ఒడ్డు దగ్గర పడదు. కాపలా పడవలా, వేసవి అవగానే వెళ్ళిపోయాయి."

కాందేలా కిటికీ దగ్గర్నుంచి గిరుక్కున ఇటు తిరిగింది.

"ఆ ముక్క నాతో చెప్పొచ్చుగా!"

"ఒకప్పుడు చెప్పేది. నాకు ఈత వచ్చు అవ్వా అని నవ్వి పోయేవాళ్ళు. నువ్వు మాత్రం వినేదానివా, చేపపిల్లవి? అదే వంతు అప్పజెప్తే, ఎంత మొండి ఘటమైనా కదలదు."

పొట్లం అక్కడే వదిలేసి కాందేలా సందులోకి పరిగెత్తింది. తలుపులన్నీ మూసి ఉన్నాయి. గాలికి కిటికీ రెక్కలు టపటపా కొట్టుకుంటున్నాయి. ఎన్‌కార్నా అని పిలిచింది. ఏ తలుపూ తెరుచుకోలేదు.

వగరుస్తూ తిరిగొచ్చేసరికి చానో కొట్టు కట్టేస్తున్నాడు.

"ఆవిడ మళ్ళీ ఎప్పుడొస్తారు?"

"మళ్ళీ తూర్పుగాలి లేచినప్పుడు."

"రేపు పొద్దున్నే నా రైలు. నేను ఆవిణ్ణి ఓ మాట అనేశాను చానో గారూ. మీ కన్నకూతుర్నయితే ఇలాగే నిలబెట్టేవారా అని."

తాళం వేయబోతున్న చానో చెయ్యి ఆగిపోయింది.

"రోసియో అని, నీ ఈడు పిల్లే," అన్నాడు. "ఇలాంటి సాయంత్రమే, 'నా వంతు చూస్తూండమ్మా, ఒక్క మునకేసి వస్తా' అని వెళ్ళింది. ఆ తల్లి ఇందాక నువ్వు నిలబడ్డ చోటే నిలబడి, కూతురి వంతు పోతుందేమోనని ఒక్కసారైనా సముద్రం వైపు తల తిప్పలేదు."