బయటి గాడి

కుట్ర మొదలైంది కుట్టుమిషను దగ్గర.

"ఆదివారం పందెంలో మీ మామగారు గెలిస్తే మీ రోగులు వీధి మెట్ల మీద కూర్చోవాలి. తెలుసుగా బాబూ?" అంది అత్తగారు, పంటితో దారం తెంపుతూ. ఆమె పక్కన కుట్టాల్సిన బట్టలు మోకాలెత్తు పేరుకుని ఉన్నాయి.

అల్లుడికి తెలుసు. అతను పళ్ళ డాక్టరు. అత్తవారింట్లోనే ఒక గదిలో క్లినిక్. దాని తలుపు తీస్తే హాలు, హాల్లో బెంచీలు, బెంచీల మీద బుగ్గలు పట్టుకున్న జనం.

మామగారు రిటైరైన బస్సు డ్రైవరు. సర్వీసులో చీమను కూడా తొక్కించలేదని చెప్పుకుంటాడు. ఇంట్లో కూర్చున్నాక వెనక గదిలో చెక్కలు పరిచి, వాటి మీద బొమ్మకార్ల ట్రాక్ కట్టాడు. ట్రాక్‌లో లోపలి గాడి ఒకటి, బయటి గాడి ఒకటి. కారు అడుగున ఉన్న చిన్న మేకు గాడిలో దిగుతుంది, గాడి వెంట కరెంటు. చేతిలో మీట నొక్కితే కారు పరుగు. మలుపులో వేలు సడలించకపోతే మాత్రం గాడి తప్పి గోడకు కొట్టుకుంటుంది.

మొదట చాపంత ఉండేది ట్రాక్. ముక్కకు ముక్క అతికి, మంచం కింద దూరి, బీరువా వెనక తేలి, గదంతా ఆక్రమించింది. ఇప్పుడు మామగారి కన్ను హాలు మీద పడింది. ఆయన గెలిస్తే ట్రాక్ గుమ్మం దాటి హాల్లోకి వస్తుంది. అల్లుడు గెలిస్తే ఇక ఒక్క ముక్క కూడా కొనకూడదు. అదీ పందెం.

నిజానికి ప్రతి ఆదివారం గెలిచేది అల్లుడే. నరం అదరకుండా పన్ను తవ్వే వేలు అతనిది. మామగారు మీటను కూడా బస్సు పెడలు తొక్కినట్టే తొక్కుతాడు.

కానీ కొన్నాళ్ళుగా మధ్యాహ్నం పూట క్లినిక్ గోడ అవతల నుంచి జుయ్యిమని చప్పుడు వస్తోంది. మొదట్లో ప్రతి చుట్టుకీ కారు దబ్బున పడేది. రానురాను ఆ దబ్బు వినిపించడం మానేసింది.

"మామయ్యగారు సాధన గట్టిగానే చేస్తున్నట్టున్నారే!" అన్నాడు అల్లుడు దిగులుగా.

"రోజూ మీరే వింటున్నారుగా," అంటూ అత్తగారు మిషనుకు వేసే నూనె సీసా అతని చేతిలో పెట్టింది. "కిటికీ పక్క మలుపులో బయటి గాడికి రెండు చుక్కలు పూయండి. మీ మామగారు ఏనాడూ ఆ గాడి వదల్లేదు."

"తప్పు కదా అత్తయ్యగారూ?"

"నొప్పుండదని చెప్పి పళ్ళు పీకుతారుగా, అది తప్పు కాదూ?"

అల్లుడు సీసా జేబులో వేసుకున్నాడు.

ఆదివారం మామగారు స్నానానికి వెళ్ళగానే పని కానిచ్చాడు.

చుట్లు లెక్కపెట్టే పని ఎప్పుడూ అత్తగారిదే. మామగారు ఎర్రకారును తుండుగుడ్డతో తుడిచి బయటి గాడి మీద పెట్టాడు.

"రా అల్లుడూ! ఇవాళ నీ పళ్ళు రాలగొడతా."

"ముందు మీకెన్ని మిగిలాయో చూసుకోండి మామయ్యగారూ."

"ఆగండి," అంది అత్తగారు. "బయటి గాడి పొడుగు, అందుకే ఓడిపోతున్నానని ఈయన నా ప్రాణం తోడేస్తున్నారు. హాలు పందెంలో ఆ సణుగుడు ఉండకూడదు. గాడులు మార్చుకోండి."

"అద్గదీ న్యాయమంటే!" అన్నాడు మామగారు.

అల్లుడు కంగారుగా అత్తగారి వంక చూశాడు. ఆమె కళ్ళద్దాలు తుడుచుకుంటోంది. పాపం, పెద్దావిడ, నూనె సంగతే మరిచిపోయినట్టుంది. గుర్తు చేద్దామంటే నోరెలా విప్పుతాడు? దొంగకు తేలు కుట్టినట్టయింది అతని పని.

అల్లుడి నీలికారు కిటికీ దగ్గరకు రావడం, జర్రున జారి మంచం కిందికి పోవడం. మళ్ళీ రావడం, మళ్ళీ పోవడం.

"డాక్టరుగారూ, కారును కూడా పీకేస్తున్నారే!" అని మామగారు ఒకటే నవ్వు. ఆయన కారూ పడుతూనే ఉంది, కానీ మంచం కింద పాకే మనిషి మీద గెలవడానికి ఆ మాత్రం చాలు. జన్మలో మొదటిసారి గెలిచిన సంబరంలో గట్టి చాక్లెట్టు కొరికి దవడపన్ను విరగ్గొట్టుకున్నాడు కూడా.

ఆ సందట్లో అత్తగారు ఓ గుడ్డ తెచ్చి కిటికీ మలుపును శుభ్రంగా తుడిచేసింది.

వారం తిరక్కుండా బెంచీలు మెట్ల మీదికి పోయాయి. ట్రాక్ గుమ్మం దాటి, హాలు చుట్టూ తిరిగి, మళ్ళీ వెనక గదికి చేరింది.

ఒక మధ్యాహ్నం అల్లుడు వంగి దవడపన్ను బాగు చేస్తుంటే హాల్లో చప్పుడు మొదలైంది. జుయ్యిమని, ఒక్కసారి కూడా పడకుండా, మలుపు మలుపులో ఒదిగి ఒదిగి.

"అబ్బ, ఈ మామయ్యగారొకరు..." అని విసుక్కుంటూ చటుక్కున ఆగాడు.

మామగారు అతని కుర్చీలోనే ఉన్నాడు, నోటినిండా దూదితో. గుడ్లు మిటకరిస్తూ తలుపు వైపు వేలు చూపించాడు.

అల్లుడు మెల్లగా తలుపు తీశాడు. కుట్టాల్సిన బట్టలు నడుమెత్తు పెరిగాయి. అత్తగారు మిషను స్టూలు మీద కూర్చుని, మలుపు వచ్చినప్పుడల్లా కారుతోపాటు తనూ పక్కకు వాలుతూ, మీట నొక్కుతోంది.

ట్రాక్ మీంచి చూపు తిప్పకుండానే గొంతు తగ్గించి అంది: "తలుపు దగ్గరగా వేయండి బాబూ, ఆయన వింటారు. ఆ మంచం కింద కారును ఎన్నాళ్ళని తిప్పను? మీరు నిజాయితీగా ఆడితే ఆయన ఈ జన్మలో గెలిచేవారా!"